శనివారం మ్యాచ్ టైమ్ యూనివర్సిటీకే తెలీదట, టీవీ వాళ్లు చెప్పాలట. ఇదేం పద్ధతి?

శనివారం_షిఫ్ట్:
అందరికీ నమస్తే. మిడ్‌వెస్ట్‌లో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ మూడో సెమిస్టర్‌లో ఉన్నాను, పేరు చెప్పను, ఉద్యోగం పోతే కష్టం. క్యాంపస్ ఫుట్‌బాల్ (చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) స్టేడియంలో కన్సెషన్ స్టాండ్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నా. హాట్ డాగ్‌లు, నాచోస్, ఆ వేడి చీజ్ పంపు కొట్టీ కొట్టీ కుడి చెయ్యి ఎడమ చెయ్యి కన్నా లావైంది.

విషయం ఏంటంటే, సీజన్ షెడ్యూల్‌లో తేదీలు ఎప్పుడో ఇచ్చేశారు కానీ సగం మ్యాచ్‌లకి టైమ్ దగ్గర టీబీడీ, అంటే ఇంకా తేలలేదు, అని ఉంటుంది. సూపర్‌వైజర్‌ని అడిగితే "నెట్‌వర్క్ ఇంకా పిక్ చేయలేదు" అంటుంది. స్టేడియం వీళ్లది, టీమ్ వీళ్లది, టైమ్ మాత్రం ఎవరో న్యూయార్క్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో కూర్చుని చెప్తారట. మొన్న ఒక మ్యాచ్‌కి సరిగ్గా ఆరు రోజుల ముందు చెప్పారు, పొద్దున 11కి కిక్‌ఆఫ్ అని. అంటే మేము ఆరున్నరకల్లా స్టాండ్‌లో ఉండాలి, ఆ టైమ్‌కి మా అపార్ట్‌మెంట్ వైపు బస్సే లేదు, చలిలో నడుచుకుంటూ వెళ్లాను.

ఇంకోటి. మా స్టాండ్‌లోంచి గ్రౌండ్ ఒక ముక్క కనిపిస్తుంది. సైడ్‌లైన్ మీద ఎర్ర టోపీ పెట్టుకుని ఒకాయన ఉంటాడు. ఆయన నాలుగడుగులు గడ్డి మీదికి వచ్చి నిలబడ్డాడంటే ఆట ఆగిపోతుంది. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న 22 మంది ఆయన మొహం చూస్తూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతారు. ఆయన వెనక్కి వెళ్తేనే మళ్లీ ఆట. నాకైతే ఆయనే అలారం, ఆయన లోపలికి వచ్చాడంటే అర నిమిషంలో మా దగ్గర లైన్ కట్టేస్తారు.

ఎవరీయన? టైమ్ టీవీ వాళ్లు చెప్తే యూనివర్సిటీ ఎందుకు తల ఊపుతోంది? ఆ డబ్బంతా ఎటు పోతోంది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

చేదుకాఫీ:
ఎటు పోతుంది బ్రో, అంతా ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) దోపిడీ. పిల్లలు ఎముకలు విరగ్గొట్టుకుంటారు, వాళ్లు కోట్లు లెక్కపెట్టుకుంటారు. ఇంతకన్నా లోతు లేదు ఇందులో.

ఇరవయ్యేళ్ల_ఫ్యాన్:
చేదుకాఫీ గారూ, కోపం కరెక్టే, అడ్రస్ తప్పు. పెద్ద కాలేజీల ఫుట్‌బాల్ టీవీ డబ్బులో ఎన్‌సీఏఏ చేతికి పైసా రాదు. వాళ్ల సంపాదన మార్చిలో జరిగే బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మీద. సీబీఎస్, టర్నర్ అనే టీవీ కంపెనీలు కలిసి ఆ హక్కుల్ని 2010లో 14 ఏళ్లకి 10.8 బిలియన్ డాలర్లకి కొన్నాయి, తర్వాత 2016లో ఇంకో 8.8 బిలియన్లు పెట్టి 2032 దాకా పొడిగించుకున్నాయి. ఫుట్‌బాల్ హక్కులు కాన్ఫరెన్స్‌లవి, అంటే తమలో తాము లీగ్‌లా ఆడుకునే యూనివర్సిటీల గుంపులవి. ఎందుకలా అయిందో కిందకి వస్తాను.

తమ్ముడూ శనివారం_షిఫ్ట్, ముందు నీ ఎర్ర టోపీ సంగతి. ఆయన టీవీ మనిషి. చెవిలో ఇయర్‌పీస్, అవతల బయట పార్క్ చేసిన ప్రొడక్షన్ ట్రక్కు. యాడ్స్ అయ్యేదాకా ఆయన కదలడు, ఆయన కదిలేదాకా రెఫరీ ఈల వెయ్యడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో గడియారం మీద ఆట 60 నిమిషాలే, మనం కూర్చునేది దగ్గర దగ్గర మూడున్నర గంటలు. 2023లో ఒక రూల్ మార్చారు, ఫస్ట్ డౌన్ (బంతిని పది గజాలు ముందుకి తీసుకెళ్తే వచ్చేది) వచ్చినప్పుడల్లా గడియారం ఆపేవాళ్లు, ఇప్పుడు ఒక్కో హాఫ్‌లో చివరి రెండు నిమిషాల్లో తప్ప ఆపడం లేదు. ఆట త్వరగా అవ్వాలి, ఆటగాళ్ల ఒంటికి మంచిది అన్నారు. ఆటలో నిమిషాలు తగ్గాయి, యాడ్స్ మాత్రం అలాగే ఉన్నాయి. చొక్కా కురచయింది, జేబులు మాత్రం అంతే ఉన్నాయి అన్నట్టు.

ఇక టైమ్. నువ్వు చెప్పినదాన్ని బట్టి మీది బిగ్ టెన్ కాన్ఫరెన్స్ అనుకుంటున్నా. పేరు పది, టీమ్‌లు పద్దెనిమిది, నవ్వకు. యూనివర్సిటీలన్నీ తమ హోమ్ మ్యాచ్‌ల హక్కులు కాన్ఫరెన్స్‌కి రాసిచ్చేస్తాయి, కాన్ఫరెన్స్ గంపగుత్తగా అమ్ముతుంది. 2022 ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకి కుదుర్చుకుంది, 7 బిలియన్ డాలర్లు దాటింది. ముగ్గురూ రోజుని ముక్కలు చేసి పంచుకున్నారు, ఈస్టర్న్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం 12 ఫాక్స్‌ది, మూడున్నర సీబీఎస్‌ది, రాత్రి ఎన్‌బీసీది. మీది సెంట్రల్ టైమ్ అయితే ఫాక్స్ మిట్టమధ్యాహ్నం మీకు పొద్దున పదకొండు. నీ చలినడక అక్కడి నుంచి వచ్చింది. మధ్యాహ్నం, రాత్రి స్లాట్లలో అప్పటికే పెద్ద మ్యాచ్‌ల రద్దీ ఉందని, ఎవరూ లేని 12 గంటలకి పెద్ద మ్యాచ్ పెట్టి జనాన్ని లాగుదామని ఫాక్స్ 2019లో మొదలెట్టింది, వాళ్ల అదృష్టం, హిట్టయింది.

సీజన్ ముందే కొన్ని మ్యాచ్‌లు ఎవరికి ఏది అని ఎంచుకుంటారు. మిగిలినవి ఆపి ఉంచుకుంటారు, ఎందుకంటే ఆగస్టులో గొప్పగా కనిపించిన టీమ్ అక్టోబరుకి చతికిలబడొచ్చు. అందుకే మ్యాచ్‌కి 12 రోజుల ముందు చెప్తారు, ఇంకా తేల్చుకోలేకపోతే ఆరు రోజుల ముందు. లక్ష మందికి పార్కింగ్, పోలీసులు, హోటళ్లు, నీలాంటి వాళ్ల షిఫ్టులు, అన్నీ ఆ ఆరు రోజుల్లో సర్దుకోవాలి. పక్కన దక్షిణాది యూనివర్సిటీల ఎస్ఈసీ కాన్ఫరెన్స్ కొంచెం దయ చూపిస్తుంది, ముందే పొద్దునా మధ్యాహ్నమా రాత్రా అని చాలా మ్యాచ్‌లకి చెప్పేస్తుంది, అందులో కూడా కొన్నిటి ముందు "ఫ్లెక్స్", అంటే తర్వాత తేలుస్తాం, అని రాసి ఉంటుంది.

యూనివర్సిటీ ఎందుకు తల ఊపుతుంది అన్నావు. 2023-24 లెక్కల్లో ఎస్ఈసీ ఒక్కో స్కూల్‌కి సగటున 50 మిలియన్ డాలర్లకి పైగా పంచింది. నువ్వు ఆ సీట్లో ఉంటే పొద్దున పదకొండు కాదు, తెల్లవారుజామున నాలుగైనా ఊపుతావు, నేనూ ఊపుతాను.

ఇప్పుడు పాత కథ, నాకిష్టమైన భాగం. మొదట్లో కాలేజీలు టీవీ అంటే భయపడేవి. ఇంట్లో చూపిస్తే టికెట్ ఎవడు కొంటాడని. 1950ల నుంచి ఎన్‌సీఏఏ పగ్గం పట్టుకుని, వారానికి ఇన్ని మ్యాచ్‌లే అని రేషన్ పెట్టింది. 1980ల మొదట్లో రూల్ ఏంటంటే ఒక టీమ్ రెండేళ్లలో మొత్తం ఆరుసార్లు మాత్రమే టీవీలో కనపడాలి. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలకి ఒళ్లు మండి కోర్టుకెళ్లాయి. 1984 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2తో ఎన్‌సీఏఏ ప్లాన్‌ని కొట్టేసింది, ఇది పోటీని చంపే గుత్తాధిపత్యం అని. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్, ఆయన కుర్రతనంలో కొలరాడో తరఫున ఆడిన ఫుట్‌బాల్ స్టార్. ఆట ఆడినాయన వద్దన్నాడు, ఆడనివాళ్లు కానివ్వండి అన్నారు.

తమాషా ఏంటంటే కేసు గెలిచిన వెంటనే కాలేజీల ఆదాయం పెరగలేదు, పడిపోయింది. ఒక్కసారిగా అందరూ అమ్మకానికి వచ్చేసరికి సంతలో టమాటా రేటులా అయింది. అప్పుడు తెలిసింది, గుంపుగా అమ్మితేనే రేటు వస్తుందని, గుంపులో పెద్ద పేర్లుండాలని. నోటర్ డామ్ యూనివర్సిటీ 1991 నుంచి ఒంటరిగా ఎన్‌బీసీకి అమ్ముకుంటోంది, మిగతావాళ్లలో చాలామంది కాన్ఫరెన్స్‌లు మారడం మొదలెట్టారు. టీవీ వాళ్లు వచ్చి మెడ మీద కత్తి పెట్టలేదు. తలుపు తీసి పిలిచింది కాలేజీలే.

మంగళవారం_మంచు:
పొద్దున 11 కిక్‌ఆఫ్‌కే ఏడిస్తే ఎలా తమ్ముడూ. నేను ఒహాయోలో మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్ స్కూల్లో చదివా. నవంబర్ వచ్చిందంటే మ్యాచ్‌లు మంగళవారం, బుధవారం రాత్రి. శనివారం పెద్ద టీమ్‌ల మధ్య మమ్మల్ని ఎవడూ చూడడు కాబట్టి ఖాళీ రోజుల్లో ఈఎస్‌పీఎన్ మీద మేమే. మరుసటి రోజు పొద్దున క్లాస్, బయట మైనస్‌లో చలి, స్టాండ్స్‌లో మేం కొంతమంది, బ్యాండ్ వాళ్లు, ఆటగాళ్ల అమ్మానాన్నలు. అరిస్తే ఎకో వచ్చేది. కానీ టీవీలో చూసి మా హైదరాబాద్ ఫ్రెండ్ "రేయ్ మీ కాలేజీ వస్తోందిరా" అని బుధవారం పొద్దున మెసేజ్ పెట్టాడు, అబద్ధం ఎందుకు, గర్వంగానే అనిపించింది. అదే వాళ్ల వ్యాపారం అనుకుంటా.

ఎడిసన్_వాసి:
ఇరవయ్యేళ్ల_ఫ్యాన్ గారు బాగా చెప్పారు, ఒక ముక్క మాత్రం నేను కలపాలి, ఎందుకంటే ఆ ముక్కలో మా ఊరు ఉంది.

మాది న్యూజెర్సీ, మా పక్కనే పిస్కాటవేలో రట్గర్స్ యూనివర్సిటీ స్టేడియం. ఆ టీమ్ సంగతి అప్పట్లో ఎవరిని అడిగినా పెదవి విరిచేవారు. అలాంటిదాన్ని బిగ్ టెన్ 2012లో పిలిచి 2014లో చేర్చుకుంది, మేరీలాండ్‌తో పాటు. ఆట కోసం కాదు. బిగ్ టెన్‌కి 2007 నుంచి సొంత చానెల్ ఉంది, ఫాక్స్‌తో కలిసి. కాన్ఫరెన్స్ టీమ్ ఉన్న రాష్ట్రంలో అయితే ఆ చానెల్‌కి కేబుల్ కంపెనీ ఇంటికి నెలకి డాలరు దాకా కట్టాలి, టీమ్ లేని చోట కొన్ని సెంట్లు. రట్గర్స్ వస్తే న్యూయార్క్ మహానగరం కేబుల్ ఇళ్లు, మేరీలాండ్ వస్తే వాషింగ్టన్, బాల్టిమోర్ ఇళ్లు. చూసినా చూడకపోయినా లెక్కలోకి వస్తారు. ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లల్లో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆటే అనుకునే మనవాళ్లు ఎంతమంది, పిల్లల కార్టూన్ల కోసం కేబుల్ పెట్టించుకున్నవాళ్లు, వాళ్ల బిల్లులోంచి కూడా మిషిగన్ కోచ్ జీతానికి ఒక చిల్లర బిళ్ల వెళ్లింది. 1979లో పుట్టిన ఈఎస్‌పీఎన్ చాలా ఏళ్లు బతికింది కూడా ఇలా ఇంటికింత వసూలు చేసే కిటుకు మీదే.

ఇప్పుడు జనం కేబుల్ తీసేస్తున్నారు. అప్పుడు ఎంత మంది ఇళ్లున్నాయి అన్న లెక్క పోయి, ఎవరి మ్యాచ్‌ని నిజంగా ఎంతమంది లైవ్‌లో చూస్తారు అన్న లెక్క వచ్చింది. సీరియల్ అయితే రేపు చూడొచ్చు, యాడ్ దాటేయొచ్చు, మ్యాచ్ మాత్రం ఇప్పుడే చూడాలి. టీవీకి మిగిలిన చివరి బంగారు బాతు అదే. రట్గర్స్‌ని ఈరోజు కొత్తగా పిలవమంటే పిలిచేవాళ్లా అంటే నాకు డౌటే.

టెంపే_పాతకాపు:
ఆ లెక్క మారినప్పుడు ఎవరి కొంప మునిగిందో నేను చెప్తా. పాక్-12, పశ్చిమ తీరం వైపు యూనివర్సిటీల కాన్ఫరెన్స్. నేను అరిజోనా స్టేట్, ఎండకి సాయంత్రం ఏడున్నరకి కిక్‌ఆఫ్ పెడితే తూర్పున అప్పటికే పదిన్నర, మ్యాచ్ అయ్యేసరికి వాళ్లకి అర్ధరాత్రి దాటి రెండు. మా ఆట మేమే చూసుకునేవాళ్లం. దానికి తోడు 2012లో సొంత చానెళ్లు పెట్టారు, భాగస్వామి లేకుండా పూర్తి ఓనర్‌షిప్ మాదే అని గొప్ప. డైరెక్ట్ టీవీ అనే పెద్ద శాటిలైట్ కంపెనీలో చివరిదాకా రాలేదు ఆ చానెల్.

2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్‌కి పోతున్నాం అన్నాయి. లాస్ ఏంజెలెస్ మార్కెట్ పోయింది. మిగిలిన పదిమందికి ఈఎస్‌పీఎన్ స్కూల్‌కి 30 మిలియన్లు ఇస్తామంటే మావాళ్లు 50 అడిగారని వార్తలు వచ్చాయి. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చింది, కట్నం దగ్గర బెడిసింది అన్నట్టు, ఈఎస్‌పీఎన్ లేచి వెళ్లిపోయింది. ఏడాది గడిచింది, చేతిలో మిగిలింది యాపిల్ స్ట్రీమింగ్ ఆఫర్, గ్యారంటీ తక్కువ, సబ్‌స్క్రైబర్లు పెరిగితే డబ్బు పెరుగుతుందట. 2023 ఆగస్టు 4 పొద్దున సంతకాలు పెడతారు అనుకుంటే అదే రోజు ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, సాయంత్రానికి మా అరిజోనా స్టేట్, అరిజోనా, యూటా బిగ్ 12కి. 1915లో పుట్టిన కాన్ఫరెన్స్, కూలడానికి ఒక్క పగలు పట్టింది. ఆరోజు మా పాత రూమ్మేట్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరూ జోకు కూడా వెయ్యలేదు, మామూలుగా సంతాపాల్లో కూడా వేస్తారు.

స్టాన్‌ఫోర్డ్, కాల్ (అంటే బర్క్‌లీ) పసిఫిక్ ఒడ్డున ఉండి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి, అదీ టీవీ డబ్బులో దాదాపు మూడో వంతు వాటాకే. వాళ్లతో పాటు డల్లాస్ ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ వాటా వద్దు, చేర్చుకుంటే చాలు అంది. అక్కడ డబ్బున్న పూర్వ విద్యార్థులు ఉన్నారు కాబట్టి చెల్లింది, పైగా మొదటి ఏడాదే ప్లేఆఫ్‌కి వచ్చి కూర్చుంది. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్‌ని ఎవరూ పిలవలేదు. వాళ్లు చేసిన తప్పు చిన్న ఊళ్లలో ఉండటమే.

చేదుకాఫీ:
సరే ఎన్‌సీఏఏ మాట వెనక్కి తీసుకుంటా. దోపిడీ మాట మాత్రం తీసుకోను. ఐపీఎల్‌లో స్ట్రాటజిక్ టైమౌట్ అని రెండున్నర నిమిషాలు ఆపుతారు, అదీ యాడ్సే, కానీ అక్కడ ఆడేవాడికి వేలంలో కోట్లు వస్తాయి. ఇక్కడ 2021 దాకా ఆటగాడు తన పేరు యాడ్స్‌కి అమ్ముకోడానికి కూడా లేదు. స్టూడెంట్-అథ్లెట్ అన్న మాట ఎంత తెలివిగా కనిపెట్టారో.

ఇరవయ్యేళ్ల_ఫ్యాన్:
అది ఒప్పుకుంటా. ఎడ్ ఓబానన్ అని యూసీఎల్ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు, వీడియో గేమ్‌లో తనలాంటి బొమ్మ ఆడుతుంటే చూసి 2009లో కేసు వేశాడు, అక్కడ మొదలైన తీగ లాగితే 2025 జూన్‌లో హౌస్ అనే కేసు సెటిల్మెంట్ దాకా వచ్చింది. దాంతో స్కూల్ నేరుగా ఆటగాళ్లకి డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాది 2025-26కి 20.5 మిలియన్ల దాకా. పాత ఆటగాళ్లకి విడిగా 2.8 బిలియన్లు, పదేళ్లలో. ఒక పక్క మాట, మన ఎఫ్-1 వాళ్లకి ఇందులోనూ తలనొప్పే. విదేశీ ఆటగాడు వీసా మీద ఉండి ఇక్కడ యాడ్‌లో నటించి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం అవుతుందేమో అని లాయర్ల చుట్టూ తిరుగుతారు. నీ చీజ్ పంపు ఉద్యోగం నయం తమ్ముడూ, క్యాంపస్ లోపలే కాబట్టి వారానికి 20 గంటలు నిక్షేపంగా.

టెన్నిస్_అమ్మ:
మగవాళ్లందరూ ఫుట్‌బాల్ చుట్టూనే తిరుగుతున్నారు కాబట్టి నేనొక మాట. మా అమ్మాయి హైస్కూల్ టెన్నిస్, కాలేజీ కోచ్‌లకి ఈమెయిల్స్ పెట్టే వయసు. రెండేళ్ల క్రితం నేను కాలేజీ లిస్ట్‌లో ర్యాంక్, మేజర్, స్కాలర్‌షిప్ చూసేదాన్ని. ఇప్పుడు ఇంకో కాలమ్ కలిపాను, ఆ స్కూల్ కాన్ఫరెన్స్‌లో ఎన్ని విమానాలు ఎక్కాలి అని.

ఫుట్‌బాల్ టీమ్ సీజన్ మొత్తంలో ఐదారుసార్లు బయటికి వెళ్తుంది, చార్టర్ విమానంలో. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, టెన్నిస్ అలా కాదండీ, వారం మధ్యలో, మామూలు విమానాల్లో, లేఓవర్లతో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఎగ్జామ్ రాసుకుంటూ. లాస్ ఏంజెలెస్ అమ్మాయి న్యూజెర్సీలో కాన్ఫరెన్స్ మ్యాచ్ ఆడాలి. ఈ పిల్లల మ్యాచ్ కోసం ఏ నెట్‌వర్కూ బిలియన్లు ఇవ్వలేదు, ఫుట్‌బాల్ కోసం గీసిన మ్యాప్‌లో వీళ్లు తిరుగుతున్నారు. యూసీఎల్ఏ వెళ్లిపోయినందుకు బర్క్‌లీకి ఏడాదికి 10 మిలియన్లు ఇవ్వాలని 2024లో ఆ రెండిటికీ పై బోర్డు అయిన యూసీ రీజెంట్లు తీర్పిచ్చారు, అచ్చం విడాకుల భరణంలాగే, అక్కడ జనం కూడా ఆ పేరుతోనే ఎగతాళి చేశారు.

ఇక ఆ 20.5 మిలియన్లలో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కే వెళ్తోంది. ఆటగాళ్లకి డబ్బు రావడం న్యాయమే, నేను కాదనను. కానీ ఆ సొమ్ము ఎక్కడి నుంచో తేవాలి కదా. కాల్ పాలీ 2025 మార్చిలో ఈత టీమ్‌ని ఎత్తేసింది, కారణాల్లో ఈ సెటిల్మెంట్ ఒకటని చెప్పింది. టెన్నిస్ కూడా కొన్ని చోట్ల పోయింది. మేం మెయిల్ పెట్టిన ఒక కోచ్ గారు "వచ్చే ఏడాది ప్రోగ్రామ్ ఉంటే మాట్లాడుకుందాం" అని జవాబిచ్చారు. ఆ మెయిల్ మా అమ్మాయికి నేనింకా చూపించలేదు.

టీవీ వాళ్ల అంచనా ఎప్పుడూ కరెక్ట్ అని కూడా అనుకోకండి. 2024లో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఫైనల్, కేట్లిన్ క్లార్క్ ఆడింది, 18.9 మిలియన్ల మంది చూశారు. మగపిల్లల ఫైనల్ 14.8. అదే ఏడాది జనవరిలో ఈఎస్‌పీఎన్ ఆడపిల్లల టోర్నమెంట్‌తో పాటు మొత్తం 40 చాంపియన్‌షిప్‌లు కలిపి ఎనిమిదేళ్లకి 920 మిలియన్లకి కొంది. మగపిల్లల టోర్నమెంట్ ఒక్కదానికే 2025 నుంచి ఒక్క ఏడాదికి సగటున బిలియన్ దాటుతుంది. బజార్లో కూరగాయలు బేరమాడినట్టు పది రకాలు ఒకే సంచిలో వేసి రేటు కట్టారు, అందులో మామిడిపండు కూడా ఉందని అమ్మేవాళ్లకే తెలీలేదు.

శనివారం_షిఫ్ట్:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. టెన్నిస్ ఆంటీ, మీ మెసేజ్ చదివాక నా చలినడక గురించి ఏడ్చినందుకు సిగ్గేసింది. ఇంకో స్కూల్లో చదివే నా ఫ్రెండ్ ఫీజు రసీదు తీసి చూశాడు, చిన్న స్కూల్, టీవీ డబ్బు పెద్దగా రాదు, అందులో అథ్లెటిక్ ఫీ అని ఒక లైన్ ఉంది. వాడు ఇప్పటిదాకా అది జిమ్ ఫీజు అనుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం మా సూపర్‌వైజర్ మెసేజ్ వచ్చింది, వచ్చే శనివారం ఎన్‌బీసీ తీసుకుందట, సాయంత్రం ఆరున్నర కిక్‌ఆఫ్. కడిగి, పంపు విప్పి, తాళాలు వేసి బయటపడేసరికి పన్నెండు. ఆదివారం రాత్రికి ప్రాజెక్ట్ సబ్మిషన్ ఉంది. ఈ గ్రూప్‌లో మా క్యాంపస్ వాళ్లు ఎవరైనా ఉంటే షిఫ్ట్ మార్చుకుంటారా?

చేదుకాఫీ:
డీఎం చెయ్యి. నేనూ అదే స్టేడియం, ఈస్ట్ గేట్ పాప్‌కార్న్.